స్కాట్లాండ్ కోటుకి వన్‌టౌన్ సూది

విజయవాడ వన్‌టౌన్‌లో అలీ కొట్టు వెడల్పు నాలుగడుగులు. లోపల ఒక కుట్టుమిషను, దాని ముందు కూతురు తబస్సుం. గుమ్మంలో వెలుతురు పడేచోట ముక్కాలిపీట మీద అలీ. ఆయన పని రఫూ. చిరిగిన చోట, అదే బట్ట మడతల్లోంచి లాగిన దారాలతో పడుగూ పేకా మళ్లీ అల్లి, చిరుగన్నది లేకుండా చేస్తాడు. నలభై ఏళ్లుగా పట్టుచీరలూ పెళ్లి షేర్వాణీలూ ఆయన చేతిలో బాగుపడుతున్నాయి.

ఆ కొట్టుకి ఒక నియమం ఉంది. బట్ట తీసుకోవడానికి వచ్చేవాళ్లు, చిరుగు ఎక్కడుందో తెలియని మనిషిని ఒకరిని వెంటబెట్టుకు రావాలి. ఆ మనిషి వెతికి చోటు పట్టేస్తే అలీ కూలి తీసుకోడు. ఇన్నేళ్లలో అలా పట్టుబడింది మూడుసార్లు. మూడూ ఆయనకి తేదీలతో గుర్తు.

కిందటేడు రెండు కళ్లకీ శుక్లాల ఆపరేషన్ అయింది. అప్పట్నుంచి తబస్సుం ఊరుకోవడం లేదు.

"ఇక చాలబ్బాజీ. మిషను పని నేను చూసుకుంటాగా. నువ్వు ఇంట్లో కూచో."

"ఇంట్లో కూచుంటే మీ అమ్మ నన్నే రఫూ చేసిద్ది."

చివరికి ఒక ఒప్పందానికి వచ్చారు. ఈసారి వచ్చే కష్టమైన పని ఆయనే చేయాలి. పట్టుబడితే సూది పక్కన పెట్టేయాలి.

వారం తిరక్కుండా ఆ పని వచ్చింది. తెచ్చినవాడు కిరీటి, కోచింగ్ కాలేజీలో ఫిజిక్స్ చెబుతాడు. స్కాట్లాండ్‌లో రెండేళ్లు చదివి, అక్కడ కొన్న ఉన్ని కోటు వేసుకుని ఇక్కడ కాలేజీ ఫంక్షన్‌కి వెళ్లాడు. ఆటో దిగుతుంటే కమ్మీకి తగిలి మోచేయి దగ్గర చిరిగింది.

"ఈ ఊళ్లో ఉన్ని కోటా మాస్టారూ? లోపల ఇడ్లీ ఉడికిద్ది," అన్నాడు అలీ, బట్టని వేళ్ల మధ్య నలుపుతూ.

"హాల్లో ఏసీ ఉందిలెండి. ఆటోలో లేదు, అదే చిక్కు. జాగ్రత్తండీ అలీ గారూ, ఇది అక్కడి పడమటి దీవుల్లో నేసిన బట్ట. నేతగాడు తన ఇంట్లో, కాళ్లతో తొక్కే మగ్గం మీద నేస్తేనే దానికి ఆ పేరు పెట్టాలి. చట్టం ఉంది."

"మగ్గానికి చట్టమా!" అలీ చెయ్యి ఆగింది. "మరి మిల్లులు లేవా వాళ్లకి?"

"ఉన్నాయి. నూలు మిల్లులో వడికి, నేతకి ఇళ్లకి పంపుతారు. నేసిన బట్టకి మళ్లీ మిల్లులోనే ఉతుకులూ అవీ అవుతాయి."

పని మొదలుపెట్టే ముందు చిరుగు చుట్టూ శుభ్రం చేయడం అలీకి అలవాటు. ఆకుపచ్చ కలిసిన మట్టిరంగు బట్ట అది. అద్దం పెట్టి చూస్తే నిండా ఎర్రటి, పసుపు, నీలం నూగు కనిపించింది. ఫంక్షన్లో పట్టుచీరలకి రాసుకుని అంటిందనుకున్నాడు. చిన్న పట్టకారుతో ఒక పూటంతా కూర్చుని, అరచేయంత మేర ఏరిపారేశాడు. ఆ తర్వాత చిరుగు అల్లాడు. అల్లిక బ్రహ్మాండంగా కుదిరింది.

మర్నాడు తబస్సుం కోటు ఎండలోకి పట్టుకెళ్లి అక్కడే నిలబడిపోయింది.

"అబ్బాజీ, ఇక్కడేంటి, గోడకి రంగు వెలిసినట్టుంది?"

నిజమే. చిరుగు లేదు. కానీ మోచేయి చుట్టూ బట్ట వెలవెలబోయింది. తబస్సుం ఫోన్లో ఆ దీవుల నేత వీడియో ఒకటి వెతికి పట్టుకుంది. అక్కడ ఉన్నిని వడకకముందే రకరకాల రంగులు వేసి, అన్నీ కలిపి అప్పుడు నూలు తీస్తున్నారు. దూరానికి మట్టిరంగులా కనిపించే ఒక్క పోగులోనే ఎరుపూ పసుపూ నీలమూ ఉన్నాయి. అలీ ఏరిపారేసింది దుమ్ము కాదు, ఆ బట్ట రంగే.

అలీ వీడియో రెండుసార్లు చూశాడు. తర్వాత కిరీటికి ఫోన్ చేశాడు.

"మాస్టారూ, మీ కోటు నేనే పాడుచేశా. నాలుగు రోజులివ్వండి, సరిచేస్తా. చిరుగు వెతకడానికి వచ్చే మీ ఇంటి మేడమ్‌కి మాత్రం ఏం చెప్పబాకండి."

కోటు అడుగు మడత విప్పి, ఆ రంగురంగుల పోగులే ఒక్కొక్కటీ లాగాడు. పలచబడ్డ పేక దారాలు తీసేసి వాటి చోట ఇవి ఎక్కించాడు. తబస్సుం మిషను ఆపి సూదుల్లోకి దారం ఎక్కించి ఇచ్చింది. మధ్యలో ఒకసారి, "నువ్వు ఓడిపోతే నాకు మంచిదేగా, మరి నేనెందుకు సాయం చేస్తున్నా?" అంది.

"నీకూ రోషముంది కాబట్టి," అన్నాడు.

ఐదోరోజు కిరీటి భార్య సుస్మితని తీసుకొచ్చాడు. చిరిగిన రోజు ఆమె చల్లపల్లిలో పుట్టింట్లో ఉంది. చీరల కొట్లో అడుగుపెడితే సేల్స్‌మెన్ చేత నీళ్లు తాగించే మనిషి. కోటు తీసుకుని వెలుతురులోకి నడిచింది. ఎడమ చెయ్యి చూసింది, కుడి చెయ్యి చూసింది. కుడి మోచేయి దగ్గర వేలు ఆగింది. వేలు ముందుకు కదిలింది. పది నిమిషాల తర్వాత, వీపు మీద కాలర్ కింద ఒకచోట గోరు ఆనించి, "ఇదిగోండి, దొరికింది!" అంది.

తబస్సుం తల దించుకుంది. కిరీటి మాత్రం పకపకా నవ్వాడు. "అక్కడ కాదు మేడమ్ గారూ, మోచేయి."

"మోచేయా? మరి ఇదేంటి? ఇక్కడ సూది పని ఉంది, కావాలంటే చూడండి."

అలీ అద్దం పెట్టి చూశాడు. ఉంది. రెండు పోగులు, సన్నగా, ఓపిగ్గా కలిపినవి.

"ఇది నా చెయ్యి కాదు," అన్నాడు.

"వీడియోలో చూపించారు," అంది తబస్సుం. "మగ్గం మీద తెగిన పోగులేవన్నా ఉంటే, మిల్లులో ఆడవాళ్లు కూచుని సూదితో కలిపేస్తారు."

అలీ ఆ రెండు పోగుల్నీ చాలాసేపు చూశాడు. "మంచి చెయ్యి. ఒక పోగు వెంట్రుకవాసి బిగించిందంతే. పెద్దావిడే అయ్యుంటది, నా వయసుంటది."

"అదెలా తెలిసింది?"

"ఇంత నిదానం కుర్రవాళ్లకి ఎక్కడిదే?" కోటు మడతపెట్టి కిరీటికి అందించి, కూతురి వైపు తిరిగాడు. "ముందు ఆ మిల్లు ఆవిడకి ఫోన్ చేసి, ఇంట్లో కూచోమను. ఆవిడ ఒప్పుకుంటే అప్పుడు నా సంగతి చూద్దాం."