దేవరకొండ దారిలో అవ్వ ఇసుర్రాయి, అమ్మ టోంగా పాట

నాగార్జునసాగర్ జలాశయం చూడటానికి దేవరకొండ మీదుగా వెళ్లేవాళ్లకు, అక్కడ ఇంకా నీళ్లు నిండని రోజుల సంగతి ఒకటి చెప్పాలి. అరవైల నడుమ నన్ను అక్కడికి లాక్కెళ్లింది ముదెండా. వ్యవసాయ కళాశాల హాస్టల్లో నా గదిలోనే ఉండేవాడు. అతనిది జాంబియా, ఇంట్లో మాట టోంగా. చిన్నప్పుడు జాంబెజీ నది మీద కట్టిన ఆనకట్ట కింద వాళ్ల ఊరు మునిగిపోయింది. "ఇక్కడ ఊళ్లు ఎలా ఖాళీ చేస్తున్నారో చూడాలి" అని వారం రోజులు నా ప్రాణం తోడేశాడు.

శనివారం పొద్దున ఆరింటి బస్సెక్కాం. టికెట్టు రెండు రూపాయల చిల్లర. పదిన్నరకు దేవరకొండలో దిగి, చాయ్ తాగి, ఖాళీ చేస్తున్న ఊరి సామాన్ల కోసం కృష్ణ ఒడ్డుకు పోతున్న లారీని ఆపాం. "వాపస్ వచ్చేటప్పుడు గూడ మీకు జాగా పెడ్త, ఫికర్ చెయ్యకుండ్రి సార్" అన్నాడు డ్రైవర్.

ఆ ఊళ్లో సగం ఇళ్లకు అప్పటికే కప్పుల్లేవు. లారీ నిండిపోయింది. ఒక ముసలమ్మ మాత్రం ఇసుర్రాయి పక్కన కూర్చుని కదలనంటోంది. రాళ్లకు చోటు లేదంటాడు సామాన్లు ఎక్కిస్తున్న గుమాస్తా.

"కొత్తూర్ల పిండి గిర్నీ పెడ్తున్రు గదనే అవ్వా, ఇంక గీ రాయెందుకు?"

"గిర్నీ కాడ పాడనిస్తరా? మా అత్త నేర్పిన పాటలన్ని గీ రాయి తిప్పుకుంటనే పాడిన. ఇది రాకుంటె నేను రాను."

అవ్వ మాటలు నేను ఇంగ్లీషులో చెప్పేసరికి ముదెండా ముఖం మారిపోయింది. టోంగా ఆడవాళ్లు ఎవరి పాట వాళ్లే కట్టుకుంటారట, దాన్ని ఇంపాంగో అంటారట. వాళ్లమ్మ తన పాటను రాతి మీద జొన్నలు నూరుతూ పాడేది. ఊరు వదిలేటప్పుడు ఆ రాయిని లారీ ఎక్కించుకోలేదు. ఆమె మళ్లీ పాడలేదు. "అప్పుడు నేను చిన్నవాణ్ణి, ఏమీ చేయలేకపోయాను" అన్నాడు. నాకు కళ్లు చెమర్చాయి. ఆ మాటే అవ్వకూ చెప్పాను.

అంతలో అతను గుమాస్తా దగ్గరికి వెళ్లి, వచ్చీరాని తెలుగులో, "మా ఇద్దరి జాగా రాయికి. మేము నడక" అనేశాడు. నన్నొక్క మాట అడగలేదు మహానుభావుడు! గుమాస్తా నవ్వాపుకోలేక, "గట్లనే కానీయుండ్రి" అన్నాడు. పై రాయి నేను, కింది రాయి అతను ఎత్తి లారీలో పెట్టాం. అవ్వ తనంతట తానే ఎక్కి కూర్చుంది.

ఎండలో మూడు గంటలు నడిచాం. కొత్త ఊరి మొదట్లోనే అవ్వ గొంతు వినిపించింది. రాయి దించిన చోటే కూర్చుని విసురుతోంది. "రా బిడ్డా, మీ అమ్మ పాట గూడ పాడు" అంది. ఇంపాంగో ఎవరిదో చెప్పకుండా పాడకూడదట. ముదెండా ముందుగా వాళ్లమ్మ పేరు చెప్పి, టోంగాలో అందుకున్నాడు. ఆ లయకు అవ్వ రాయి తిప్పింది, చుట్టూ ఆడవాళ్లు చప్పట్లు కొట్టారు. ఎన్ని పరీక్షలు పాసైనా నాకు అంత గర్వం కలగలేదు.

ఆనకట్టను మేం ఆపలేదు. ఆ నీళ్లతో ఎన్నో పొలాలు పండాయి, సంతోషమే. కానీ ఒక రాయిని మాత్రం ఆ నీళ్లకు వదల్లేదు. చదువు ముగించి ఇంటికెళ్లాక ముదెండా ఉత్తరం రాశాడు: "నల్లగొండలో నీ పాట పాడానని అమ్మకు చెప్పాను. రెండో వరుస తప్పు పాడావంటూ అమ్మ మొత్తం పాడి వినిపించింది."

మీరు వెళ్తే, జలాశయానికి ముందు ఒడ్డు మీది కొత్త ఊళ్లలో కాసేపు ఆగండి. తాగడానికి నీళ్లు పట్టుకెళ్లండి, మేం మరిచిపోయాం.