మెరవకూడని పిస్తోలు

ఆర్డెల్ హూక్‌స్ట్రా తన డెబ్బై రెండేళ్ల జీవితంలో కొత్తగా కొన్న వస్తువులు మూడు: పెళ్లి ఉంగరం, ఒక ట్రాక్టరు బ్యాటరీ, ఒక స్టెయిన్‌లెస్ స్టీలు పిస్తోలు. తక్కినవన్నీ ఎవరో ఒకరు వాడి వదిలేసినవే. అమెరికాలో, అయోవా రాష్ట్రపు వాయవ్య మూలన మేం డచ్చివాళ్లందరం పొదుపరులమే గానీ, ఆ విద్యలో ఆర్డెల్ మాకు పీఠాధిపతి. ఆదివారం చర్చిలో ప్రసంగం మొదలవగానే అందరం ఒక పెప్పర్‌మింట్ బిళ్ల నోట్లో వేసుకుంటాం. ఆర్డెల్ దాన్ని సగానికి కొరికి, రెండో సగాన్ని సాయంత్రపు ఆరాధనకు దాచుకుంటాడు.

ఆ పిస్తోలు కొనడంలోనూ పొదుపే ఉంది. నల్లది కొంటే తుప్పు పడుతుంది, స్టెయిన్‌లెస్ అయితే మనవల దాకా వస్తుందని ఆయన లెక్క. లెక్క తప్పలేదు. ముప్ఫై ఒక్క శీతాకాలాలు, ప్రతి మంగళవారం, జిల్లా షూటింగ్ క్లబ్బులో మా నలుగురి జట్టుకు నాలుగోవాడిగా నిలబడ్డాడు. ఎడమ చెయ్యి జేబులో పెట్టుకుని, కుడి చేత్తో యాభై అడుగుల అవతల ఉన్న నల్లచుక్కను కాల్చేవాడు. ముప్ఫై గుళ్లకు గరిష్ఠంగా మూడు వందల పాయింట్లు. ఆయనకు రెండు వందల యాభైకి తగ్గిన రోజు మాకెవరికీ గుర్తులేదు. స్కూలు బస్సులు బాగుచేసే ఉద్యోగం నుంచి రిటైరయ్యాక ఆయన వారంలో రెండే రోజులు మిగిలాయి. ఒకటి దేవుడిది. రెండోది మంగళవారం.

కిందటి శరత్కాలంలో కుడికంటి శుక్లం తీయించుకున్నాడు. లోకం తేటపడింది, దాంతోపాటు పిస్తోలూ తేటపడింది. పైదీపాల వెలుగు గొట్టం మీద పడి సూటిగా ఆ కొత్త కంట్లోకి దూరేది. గొట్టం కొసనుండే గురిముల్లు మెరవకుండా దానికి కొవ్వొత్తి మసి పట్టించడం మా అందరికీ అలవాటే. ఆర్డెల్ ఈసారి గొట్టమంతా పట్టించాడు. ఆ మంగళవారం ఆయన నుదురు, ముక్కు, మా స్కోరు కాగితాలు శుభ్రంగా నల్లబడ్డాయి. పిస్తోలు మాత్రం ఎప్పటిలాగే మెరిసింది.

వరసగా మూడు వారాలు రెండు వందల ముప్ఫై దాటలేదు. క్లబ్బు నియమం ప్రకారం, వరసగా ఐదు వారాలు రెండు వందల నలభై అందుకోనివాడు అదనపు బల్ల మీదికి వెళ్లాలి. ఆ బల్ల మీద కూర్చున్నవాళ్లకు కాఫీ ఇస్తారు, గౌరవం ఇస్తారు, కాల్చే అవకాశం మాత్రం ఇవ్వరు. అక్కడి నుంచి తిరిగి లేచినవాడు ఇప్పటిదాకా లేడు. పదేళ్ల కిందట ఈ నియమాన్ని ప్రతిపాదించి, ఏకగ్రీవంగా నెగ్గించినవాడు ఆర్డెల్.

మిగిలినవి రెండు మంగళవారాలు. ఆర్డెల్ పిస్తోలు పట్టుకుని గెరిట్ పోస్ట్‌మా దగ్గరికి వెళ్లాడు. గెరిట్ దాణా కొట్టు వెనక గదిలో తుపాకులు బాగుచేస్తాడు. నల్ల తుపాకులకు వేసే, పేరుకే నీలి అయిన నీలిపూత దీనికీ వెయ్యమని అడిగాడు ఆర్డెల్. అది చవక.

"నీలిపూత అంటే ఏంటనుకున్నావు? పద్ధతిగా పట్టించిన తుప్పే అది. తుప్పు పట్టనిది కావాలని ఏరి కోరి కొన్నావు. ఇప్పుడు తుప్పు పట్టట్లేదని నా దగ్గర ఏడిస్తే ఎలాగోయ్?" అన్నాడు గెరిట్.

ఆ తర్వాత ఒక్కొక్కటే చెప్పుకొచ్చాడు. గాలి తీసేసిన పెట్టెలో వేసే పూత ఒకటుంది, తాళంచెవితో గీకినా చెక్కుచెదరదు. కానీ వేరే రాష్ట్రం పంపాలి, ఆరు వారాలు ఆగాలి, పిస్తోలు ధరలో సగం పోతుంది. 'సగం' అన్న మాటకు ఆర్డెల్ టోపీ తీసి మళ్లీ పెట్టుకున్నాడు. డబ్బాలోంచి చిమ్మే మామూలు రంగు కారుచవక, అయితే తుపాకీ శుభ్రం చేసే మందు రెండుసార్లు తగిలితే ఊడొస్తుంది. ఈ రెంటికీ నడుమ సెరామిక్ రంగు. చిన్న సీసా చాలు, ఓవెన్‌లో కాలిస్తే ఏళ్ల తరబడి నిలుస్తుంది. షరతులు రెండు: ముందు స్టీలును ఇసుకతో కొట్టి గరుకు చెయ్యాలి, ఆ తర్వాత దానికి నూనె వాసన కూడా తగలకూడదు. ఇసుక పని గెరిట్ చేసిపెడతాడు. ప్రతిఫలం ఆర్డెల్ భార్య లుయెల్లా చేసే బాదం రొట్టె ఒకటి.

ఓవెన్ విషయం లుయెల్లా ఒక్క మాటతో తేల్చేసింది.

"నా ఓవెన్‌లో తుపాకీ పెట్టావంటే, ఇకనుంచి భోజనం కూడా గెరిట్ ఇంట్లోనే చేద్దువుగాని మహానుభావా."

అదృష్టవశాత్తూ చర్చి వంటగదికి కొత్త ఓవెన్ వచ్చింది. నలభై ఏళ్లపాటు ఊళ్లో ప్రతి అంత్యక్రియల విందుకూ పందిమాంసం పెట్టిన హామ్ బన్నులు వెచ్చబెట్టిన పాత ఓవెన్ పెరట్లో తుక్కువాడి కోసం ఎదురుచూస్తోంది. చర్చి పెద్దలు నలభై నిమిషాలు చర్చించి, మోసుకెళ్లే ఖర్చు ఆర్డెల్‌దేనన్న షరతు మీద దాన్ని ప్రసాదించారు.

శనివారం ఆర్డెల్ తన గరాజ్‌లో తూటాలు తీసి, పిస్తోలు విడదీసి, గరుకు చేసిన ముక్కల్ని జిడ్డు వదిలించే ఎసిటోన్‌తో కడిగి, తీగకు వేలాడదీసి, రంగు చిమ్మి, రెండు గంటలు కాల్చాడు. మా పాస్టరు అంగీ కంటే నల్లగా వచ్చింది. సోమవారం బిగించబోతే ఆ నలుపు ఉడకబెట్టిన బంగాళాదుంప తొక్కలా చేతికొచ్చింది.

గెరిట్ వచ్చి, మొదటి నుంచీ ఏం చేశావో ఒక్కటీ వదలకుండా చేసి చూపించమన్నాడు. నేనూ పక్కనే ఉన్నాను. ఆర్డెల్ కడిగాడు, ఆరబెట్టాడు. తర్వాత ఆయన కుడిచెయ్యి దానంతటదే వెనక జేబులోకి వెళ్లి, నూనెగుడ్డ తీసి, గొట్టాన్ని ఆప్యాయంగా తుడిచింది.

"అదేంటి?" అన్నాడు గెరిట్.

"ఏది?"

"నీ చేతిలోది."

ఆర్డెల్ ఆ గుడ్డ వంక, అదెవరి గుడ్డో అన్నట్టు చూశాడు. మేమిద్దరం నవ్వలేకపోయాం. తుపాకీ ముట్టుకున్నవాడు దాన్ని నూనెగుడ్డతో తుడవకుండా కింద పెట్టకూడదని మా తండ్రులు మాకు ప్రార్థనల కంటే ముందు నేర్పారు. ఆ పాపం మాలో ఎవరైనా చేసేవాళ్లమే.

మర్నాడు మచ్చల పిస్తోలుతో రెండు వందల ఇరవై ఎనిమిది. ఆర్డెల్ వెళ్లి అదనపు బల్ల మీద కాసేపు కూర్చుని చూశాడు. ఎలా ఉందని అడిగాను.

"గట్టిగా ఉంది," అన్నాడు.

మళ్లీ ఇసుకతో కొట్టిపెట్టినందుకు గెరిట్‌కు రెండో బాదం రొట్టె ముట్టింది. ఈసారి లుయెల్లా అల్లిక తీసుకుని గరాజ్‌లో కుర్చీ వేసుకుంది.

"జేబులు ఖాళీ చెయ్యి," అంది.

ఆయన చెయ్యి మూడుసార్లు వెనక్కి వెళ్లింది. మూడుసార్లూ ఆవిడ తల ఎత్తకుండానే "ఆర్డెల్" అంది. చెయ్యి తిరిగొచ్చింది.

ఐదో మంగళవారం ఆ పిస్తోలు దీపాల కింద బొగ్గుముక్కలా, వెలుగును మింగేసి, బుద్ధిగా కూర్చుంది. మొదటి పది గుళ్లకు ఎనభై ఒకటి. రెండో పదికి ఎనభై నాలుగు. చివరి పది ఆయన ఎంత నింపాదిగా కాల్చాడంటే, పక్క వరసలవాళ్లు తమవి ముగించి వచ్చి వెనక నిలబడ్డారు. మొత్తం రెండు వందల యాభై మూడు. మావాళ్లు చప్పట్లు కొట్టే రకం కాదు. ఇద్దరు దగ్గారు.

ఆర్డెల్ పిస్తోలు ఖాళీ చేసి, అలవాటు కొద్దీ వెనక జేబులో చెయ్యి పెట్టాడు. గుడ్డ లేదు. లుయెల్లా పెట్టిన పెప్పర్‌మింట్ బిళ్ల ఉంది. దాన్ని సగానికి కొరికి, రెండో సగాన్ని కాగితంలో చుట్టి పిస్తోలు పెట్టెలో భద్రపరిచాడు.

"వచ్చే మంగళవారానికి," అన్నాడు.