ఇంజను మార్చిన పోలరాజు

పోలరాజు లెక్కలో లోకంలో మనుషులు రెండే రకాలు. ఇంజను తెలిసినవాళ్లు, పనికిమాలినవాళ్లు. మొదటి రకంలో ఆయన ఒక్కడే ఉన్నాడు. టెల్కో ట్రక్కుల ఫ్యాక్టరీలో ముప్ఫై మూడేళ్లు ఇంజన్లు పరీక్షించే సెక్షన్‌లో పనిచేసి రిటైరయ్యాడు. కొత్త ఇంజన్ని కాంక్రీటు దిమ్మకి బోల్టులతో బిగించడం, తిప్పడం, స్క్రూడ్రైవర్ కొన దానికి ఆనించి పిడి చెవికి పెట్టుకోవడం, తల ఊపడం. ఆయన తల ఊపితే ఇంజను పాసు. ఆ తర్వాత అది ఏ బండిలోకి ఎక్కిందో, ఆ బండిలో కూర్చున్నవాడి గతేమిటో ఆయనకు అక్కర్లేదు. గేరుబాక్సుల వాళ్లని పప్పు రుబ్బేవాళ్లనీ, బాడీలు కట్టేవాళ్లని రేకుడబ్బాల వాళ్లనీ అనేవాడు. వాళ్లు ఆయన్ని ఏమనేవారో ఆయన ఎప్పుడూ వినలేదు.

రెండేళ్ల కిందట ఆయన భార్య జగదాంబకి వెన్నెముక ఆపరేషను జరిగింది. అప్పట్నుంచి అరగంట కూర్చుంటే చాలు, నడుము పట్టేసి పడుకోవలసి వస్తోంది. ఆవిడ పెద్దక్క సింహాచలమ్మ ఉండేది పలాస దాటాక, రైలు దిగి బస్సు, బస్సు దిగి ఆటో ఎక్కాల్సిన ఊళ్లో. సింహాచలమ్మకి నీటికాసులు ముదిరి చూపు పోతోంది. డాక్టర్లు చేతులెత్తేశారు.

"దసరా దాటితే నీ మొకం నాకు అగుపడదేమోనే. బేగి రాయే" అని ఫోనులో ఏడ్చింది.

పోలరాజు సాక్చి బజారులో ఒక వంటల కాంట్రాక్టరు వదిలించుకుంటున్న పాత వ్యాను కొన్నాడు. లోపల మంచం వేయించాడు, నీళ్ల ట్యాంకు, చిన్న గ్యాసు పొయ్యి పెట్టించాడు. ఆవిడ పడుకునే వెళ్లొచ్చు, ఎక్కడ కావాలంటే అక్కడ ఆగొచ్చు. మనిషన్నాక ఒక్క మంచి పనైనా చెయ్యకపోడు. అక్కడితో ఊరుకుని ఉంటే ఈపాటికి అక్కచెల్లెళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకుని ఉండేవారు.

బండి నడిచేది. ఎత్తు వస్తే ఆయాసపడి ముప్ఫై దాటేది కాదు, అంతే. అదే ఆయనకి తలవంపులైపోయింది.

"ఇది ఇంజనేటి? కుట్టుమిషను!" అన్నాడు.

కాసిడీహ్‌లో షెడ్డున్న మెకానిక్ మనోజ్ నచ్చజెప్పాడు. "బాబాయ్, దీని ఇంజను దీనికి సరిపోద్ది. పంపు, నాజిళ్లు సాఫ్ చేయిత్తే చాలు. లారీ ఇంజనెక్కిత్తే బరువు. కమానులు మార్చాల, బ్రేకులు మార్చాల, ఆర్టీవో ఆఫీసు సుట్టూ తిరగాల. నాలుగు గంటలు ఆలస్యమైతే ఏటైపోద్ది? పిన్నిని మెల్లగా తీసుకెళ్లు."

"నువ్వు పుట్టకముందునుంచి ఇంజన్లు పాస్ చేసినోణ్ణి నాను. గుంటడివి, నీకేటి తెలుసురా?"

మొబైల్ షాపులో పనిచేసే కొడుకు హరికిరణ్ ఒక్క మాటే అన్నాడు. "పాపా, జానా మమ్మీ కో హై, ఇంజన్ కో నహీ." వెళ్లాల్సింది అమ్మ, ఇంజను కాదట. తండ్రి వాణ్ణి ఫోన్లకి స్టిక్కర్లు అంటించుకోమన్నాడు.

పిచ్చి కుదిరింది, రోకలి తలకి చుట్టమన్నాడట వెనకటికొకడు. జూన్‌లో మొదలైన ఆ యజ్ఞం సెప్టెంబరు దాకా సాగింది. తుక్కు కింద పోతున్న లారీ ఇంజను తెచ్చాడు. ఆ బరువు మొయ్యడానికి ముందూ వెనకా కమానులకి అదనపు పట్టీలు వేయించాడు. అదురు తగ్గడానికి ఇంజను కింద పెట్టే రబ్బరు దిమ్మలు మనోజ్ తెచ్చిస్తే విసిరికొట్టాడు.

"రబ్బరు పెడితే ఇంజను మాట ఇనబడదురా!"

ఇనుము మీద ఇనుము పెట్టి, తన సెక్షన్‌లో దిమ్మకి బిగించినట్టే బిగించాడు. మంచాన్ని కూడా అలాగే నేలకి బోల్టులతో దిగ్గొట్టాడు. ఈలోగా సింహాచలమ్మకి మనుషులు నీడల్లా కనబడడం మొదలైంది.

"ఏవండీ, పాత ఇంజనుతోనే పోదాం" అని జగదాంబ బతిమాలింది.

"ఆ డొక్కు బండేసుకుని మీ అప్ప ఇంటికెళ్తే నా పరువేటే?"

"పోనీ, ఓపాలి మంచమెక్కి పడుకుని సూత్తాను."

"బయల్దేరినాక పడుకుందువుగానిలే."

టెల్కో కాలనీ రోడ్ల మీద తానే పది రోజులు తిప్పాడు. స్క్రూడ్రైవర్ చెవికి పెట్టుకున్నాడు, తల ఊపాడు. ఇంజను పాసు.

దసరాకి వారం ముందు తెల్లవారుతూనే బయలుదేరారు. వెనక మంచం మీద జగదాంబ, ముందు సీట్లో చెవుల్లో పాటలు పెట్టుకున్న కొడుకు, స్టీరింగు దగ్గర మహారాజు. ఎత్తులన్నీ బండి ఎగిరెక్కేసింది. పోలరాజు ఒక్కసారైనా వెనక్కి తిరగలేదు. గంటకి పైగా నడిచాక ఘాట్‌శిలా దగ్గర టీకి ఆపి వెనక తలుపు తీస్తే, జగదాంబ మంచం పట్టీ రెండు చేతులా పట్టుకుని వణుకుతోంది.

"నానెన్నిసార్లు పిలిసినానో తెలుసా? ఒక్కపాలైనా ఇనబడలేదా?"

ఆరు నెలలు సాము నేర్చి మూలనున్న ముసలమ్మని కొట్టడమంటే ఇదే. కొడుకు ఆవిణ్ణి మెల్లగా దించి హోటలు బల్ల మీద పడుకోబెట్టాడు. ఆవిడ అక్కడినుంచే అక్కకి ఫోను చేసింది.

"ఇంకో అడుగు ముందుకెయ్యలేనప్పా. ఇంటికెళ్లిపోతన్నాను." అవతలి మాట ఎవరికీ వినబడలేదు. జగదాంబ మాత్రం చాలాసేపు ఫోను చెవికి పెట్టుకునే ఉంది.

ఇంత జరిగినా పోలరాజుకి బుద్ధి రాలేదు.

"కాస్త ఊగితేనే ఇంత రాద్ధాంతమా? ఒట్టి సుకుమారం. నాను పడుకునొత్తాను, సూడు" అంటూ వెనక మంచమెక్కాడు. జగదాంబ ముందు సీటు వెనక్కి వాల్చుకుని, కింద రెండు దిండ్లు వేసుకుంది. కొడుకు బండిని ఇంటివైపు తిప్పాడు.

రెండు కిలోమీటర్లు పోకముందే ఆయన దవడలు టకటకమని కొట్టుకున్నాయి. నాలుగో కిలోమీటరుకి నడుము రెండుగా విరిగినట్టయింది. లేవబోతే మంచం ఎత్తి కుదేసింది.

"ఆపరా! ఒరే, ఆపు!" అని అరిచాడు. ఇంజను హోరులో ఆ అరుపు ఆయనకే వినబడలేదు.

ముందూ వెనకలకి మధ్య చిన్న అద్దం ఉంది. అందులోంచి జగదాంబ తల తిప్పి చూసింది. మంచం పట్టీ పట్టుకుని నోరు తెరుస్తూ మూస్తూ ఉన్న మొగుణ్ణి కాసేపు చూసింది. పక్కనున్న కొడుక్కి ఏమీ చెప్పలేదు. మళ్లీ రోడ్డు వైపు తిరిగింది.