పంకా ఆగేదాకా

ఖమ్మం మిర్చి యార్డు ముందు నుంచి బస్సు పోతున్నప్పుడు, కొత్త పంట దిగే రోజులైతే, లోపలున్నవాళ్ళంతా చేసే పని ఒకటే. ఆడవాళ్ళు కొంగు అడ్డం పెట్టుకుంటారు, మగవాళ్ళు తువ్వాలు చుట్టుకుంటారు, కాలేజీ పిల్లలు తుమ్ముతూ నవ్వుకుంటారు. నాకు మాత్రం ఆ ఘాటు ముక్కుకు తగలగానే చేతులు రెండూ పైకి లేచి తలమీద అడ్డంగా కలుసుకుంటాయి. నేను కావాలని చేసేది కాదు. మొన్న అలాగే లేపితే కండక్టరు విజిల్ వేసి బస్సు ఆపాడు. "ఏందక్కా, ఈడ దిగుతవా? ఈడ స్టాప్ లేదు," అన్నాడు. లేదని తల ఊపి చేతులు దించుకున్నాను. ఆ చేతుల్ని అలా తయారుచేసిన మనిషి చలపతి సార్. మీరెవరూ ఆయన్ని చూసి ఉండరు. చూసినవాళ్ళు కూడా ఇప్పుడు ఆయన్ని తలచుకోరు. తలచుకున్నా ఒక కోపిష్టి మనిషిగానే తలచుకుంటారు.

భద్రాచలం వైపు అడవి మొదలయ్యేచోట, మిర్చి చేలకూ టేకు చెట్లకూ మధ్య, మూతపడిన ఒక ఫ్యాక్టరీ వాళ్ళు తమ అవసరానికి వేసుకున్న రన్‌వే ఉంది. దాన్ని శేషగిరిరావు గారని కోస్తా నుంచి ఎప్పుడో వచ్చి స్థిరపడిన భూస్వామి లీజుకు తీసుకుని చిన్న విమానాల క్లబ్బు పెట్టాడు. ఏటా చలి తగ్గుతున్నప్పుడు, సొంత విమానాలున్నవాళ్ళు ఎక్కడెక్కడి నుంచో ఎగురుకుంటూ అక్కడికి వస్తారు. రెండు రోజుల సంబరం. చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళకు అది విమానాల జాతర. ఎడ్లబండ్ల కాలం పోయింది గానీ జాతరకు వచ్చే జనం పోలేదు, ఆటోల్లో వస్తారు, పిల్లల్ని మెడమీద ఎక్కించుకుని తాడు పక్కన నిలబడతారు. ఒకదాని వెనక ఒకటి దిగే విమానాలను నేలమీద నడిపించుకొచ్చి, రెక్కకు రెక్క తగలకుండా, మనిషికి పంకా తగలకుండా నిలబెట్టే బాధ్యత చలపతి సార్‌ది. ప్రొపెల్లర్‌ను మా వైపు పంకా అనే అంటాం. ఆయనకు ఆ మాట నచ్చేది కాదు. "ఇంట్లో పంకా కింద పడుకుంటారు కదా, అందుకే దీనికీ భయపడరు," అనేవారు.

ఆయనది పెనుబల్లి దగ్గర ఊరు. వాటాకొచ్చిన పొలం అమ్మి విమానం నడపడం నేర్చుకున్నారు, చాలామందికి నేర్పారు. తర్వాత కంటి పరీక్షలో తప్పారు. ఆకాశం పోయాక నేల మిగిలింది. ఆ కడుపుమంట ఆయన మాటలో ఎప్పుడూ ఉండేది, దాచుకునేవారు కాదు. నేను ఇల్లందు అవతల గూడెం నుంచి వచ్చి, డిగ్రీ చేసి, క్లబ్బు ఆఫీసులో ఉద్యోగానికి చేరినదాన్ని. నీడలో కూర్చునే ఉద్యోగమని మా అమ్మ మురిసిపోయింది. ఒకరోజు ఆఫీసు బయట నిలబడి, రన్‌వే అవతలున్న వాచ్‌మన్‌ను నేను కేకేసి పిలవడం సార్ విన్నారు.

"ఏందమ్మాయ్, నీ పేరేంది?"

"సమ్మక్క, సార్."

"కంప్యూటరు ముందు ఎవరైనా కూచుంటారు. ఇంత గొంతు ఎవరికుంది? బయటికి రా. నా కళ్ళు పోయినయ్, నీ కళ్ళు కావాలి నాకు."

అలా ఎండలోకి వచ్చాను. అమ్మ ఆయన్ని తిట్టుకున్నంతగా ఇంకెవర్నీ తిట్టుకోలేదు.

ఆయన నేర్పినదంతా చూపు గురించే. నేలమీద విమానం మనిషి నడిచేంత వేగంతోనే రావాలి. దారి చూపేవాళ్ళు పైలట్ కళ్ళకు కనిపించేచోట నిలబడాలి, పైలట్ కళ్ళు తమకు కనిపించాలి. పాతకాలం విమానాలు కొన్నిటికి చిన్న చక్రం తోక కింద ఉంటుంది, ముక్కు ఆకాశంలోకి లేచి ఉంటుంది. నేలమీద ఉన్నంతసేపూ వాటి పైలట్‌కు ఎదురుగా ఏమీ కనబడదు. అందుకే ఇటు కాసేపు, అటు కాసేపు వంకరగా నడుపుతూ, పక్క అద్దంలోంచి తొంగిచూసుకుంటూ వస్తాడు. "అది గుడ్డి గుర్రం. నువ్వే దాని కళ్ళు. నీ కళ్ళు కూడా మూసుకుపోతే ఏం చేస్తావ్?" అని అడిగేవారు. చేతులు తలమీద అడ్డంగా పెడతానని చెప్పేదాన్ని. ఆగిపొమ్మని దానర్థం.

చెప్పడం వేరు. మొదటి ఏడాది జాతరలోనే ఆ సంగతి తెలిసింది. విమానాలు నిలిపే సిమెంటు నేల చివర శేషగిరిరావు గారి కౌలుదారు మిరపకాయలు ఆరబోశాడు. చదునైన, వేడెక్కే నేల కనబడితే మా వాళ్ళకు చేతులు ఊరుకోవు. తీయించమని సార్ రెండుసార్లు అడిగారు. "ఒక్కరోజు ఎండితే చాలు, ఎత్తేస్తం సార్," అన్నాడు కౌలుదారు. ఒక విమానం మలుపు తిరిగేసరికి దాని తోక అటు వచ్చింది. పంకా గాలికి మిరపకాయలు, గింజలు, ఎర్రటి దుమ్ము లేచి జనం మీద పడ్డాయి. పిల్లల ఏడుపు, పెద్దల బూతులు. నా కళ్ళు మండిపోయాయి, అయినా రమ్మని చేతులు ఊపుతూనే ఉన్నాను. సార్ పరుగెత్తుకొచ్చి నా రెండు మణికట్లూ పట్టుకుని తలమీద అడ్డంగా నిలబెట్టారు.

"కనబడక కూడా రమ్మంటున్నావా? ఎవర్ని నమ్మి వస్తున్నాడమ్మా వాడు?"

"మంట లేస్తుంది సార్..."

"మంట లేస్తే ఏడువ్. చేతులు మాత్రం ఇట్లా పెట్టి ఏడువ్."

అదే ఎండలో, అదే ఘాటులో అలాగే నిలబెట్టారు. ఆ రోజు ఆయన్ని మనసులో చాలా మాటలన్నాను. మిర్చి వాసనకూ నా చేతులకూ అప్పుడు ముడిపడింది.

ఇక అసలు సంగతి. మూడో నాలుగో జాతరకు హైదరాబాద్ నుంచి ఒక పెద్దాయన తన పాత తోకచక్రం విమానంలో వస్తున్నాడని కబురొచ్చింది. నడిపేది ఆయన పెట్టుకున్న పైలట్, పెద్దాయన వెనక సీట్లో. క్లబ్బులో డబ్బు పెడతాడని శేషగిరిరావు గారికి ఆశ. వేదిక కట్టించాడు, బ్యాండు పిలిపించాడు, గజమాల చేయించాడు. ఇద్దరు మనుషులు రెండువైపులా ఎత్తి పట్టుకుంటే తప్ప లేవనంత పూలదండ అది. మా దగ్గర మర్యాదంటే అతిథి కాలు నేలమీద పెట్టకముందే దండ పడాలి. కారు తలుపు దగ్గర అలాగే వేస్తారు. విమానం తలుపు దగ్గరా అలాగే వేయాలని నిశ్చయించారు. వేదిక ముందు ఆపకూడదనీ, ఇంజన్ ఆగి పంకా నిలబడేదాకా ఎవరూ కదలకూడదనీ సార్ ముందురోజు నుంచీ చెబుతూనే ఉన్నారు. చెప్పడం కాదు, అరిచారు. ఆయనకు మెల్లగా చెప్పడం రాదు.

విమానం దిగింది. ముక్కు పైకెత్తి, ఇటూ అటూ వంకరలు పోతూ వేదిక వైపు వస్తోంది. బ్యాండు మొదలైంది. అది వినగానే గజమాల పట్టుకున్న ఇద్దరూ తాడు దాటి పరుగందుకున్నారు. ముందున్నవాడు శేషగిరిరావు గారి దగ్గర పనిచేసే రాజన్న. పువ్వులు వాళ్ళ మొహాలకు అడ్డంగా ఉన్నాయి, ముందు వాళ్ళకేమీ కనబడదు. విమానం లోపల పైలట్‌కు కూడా ముందేమీ కనబడదు. ఒకరినొకరు చూడకుండా ఎదురెదురుగా వస్తున్నారు. నేను నా గొంతంతా పెట్టి అరిచాను, బ్యాండు మోతలో అది నాకే వినబడలేదు. చలపతి సార్ పైలట్ తొంగిచూసే పక్కకు పరుగెత్తి, నేలమీద గట్టిగా పాదాలు ఆనించి, చేతులు తలమీద అడ్డంగా పెట్టారు. తర్వాత గొంతు మీదుగా అరచేయి లాగారు, ఇంజన్ ఆపెయ్యమని. విమానం ముక్కుమీద పడబోయినట్టు ఊగి ఆగింది. పంకా నిలిచింది. గజమాల ఇంకా దగ్గరికి రానేలేదు. చూసేవాళ్ళకు మధ్యలో బోలెడంత ఖాళీ స్థలం ఉన్నట్టే కనిపించింది.

అంతే జరిగింది. అంటే ఏమీ జరగలేదు. పెద్దాయన గడ్డిలో దిగి వేదిక దాకా నడవాల్సొచ్చింది. తెల్ల ప్యాంటుకు ఎర్రదుమ్ము, చెప్పులకు పల్లేరుకాయలు. ఆయన సాయంత్రం దాకా కూడా ఉండలేదు. శేషగిరిరావు గారు వేదిక పక్కన సార్‌ని పట్టుకుని మాట్లాడిన మాటలు, మైకు ఆపకపోవడం వల్ల, జాతరంతా విన్నది.

"నా పరువు తీశావయ్యా చలపతీ. ఎక్కడో ఆపి నడిపిస్తావా ఆయన్ని?"

"పరువే కదండీ పోయింది. రాజన్న తల ఉంది, చూసుకోండి."

"ఏమైందయ్యా వాడికి? గీత పడిందా? కళ్ళు పోయి ఎగరలేక, ఎగిరేవాళ్ళని చూసి ఓర్వలేక చేసే పనులు ఇవి. చాలు, ఇక రావద్దు."

జనంలో ఎవరో నవ్వారు. రాజన్న కూడా నవ్వాడు. ఆ నవ్వును నేను ఇవాళ్టికీ క్షమించలేదు. ప్రమాదం జరిగి ఉంటే సార్ మాట నిజమని ఊరంతా ఒప్పుకునేది. జరగనిదాన్ని ఎవరికి చూపించి నిరూపిస్తారు?

పెనుబల్లిలో వాళ్ళింటికి వెళ్ళి నేనూ మానేస్తానని చెప్పాను.

"నువ్వు మానితే ఆ దండలోళ్ళని ఎవరాపుతారు? నువ్వుండు. ఒక్క జాతర నేను లేకుండా చేసుకోనీ. వాళ్ళే పిలుస్తారు, చూస్తా ఉండు."

"మల్ల గట్లనే ఉరికొస్తే ఏం చెయ్యాలె సార్?"

"దూరంగా ఆపించు. ఇంజన్ ఆపించి, పంకా నిలిచాక, రెక్కల కింద మనుషుల్ని పెట్టి వేదిక దాకా తోయించు. చిన్న విమానం, బరువుండదు. పంకాని మాత్రం ఎవర్నీ ముట్టుకోనివ్వకు. పెద్దాయన లోపలే కూచుని ఊరేగింపులా వస్తాడు. అప్పుడేసుకోమను దండలు."

"గిది మొన్నటి జాతరలనే చేస్తే అయిపోతుండె గద సార్?"

"తట్టలేదమ్మాయ్. కోపం వచ్చింది." ఆ మాట అన్నప్పుడు ఆయన నావైపు చూడలేదు.

మరుసటి జాతరలో ఆయన చెప్పినట్టే చేశాను. అతిథి విమానం దూరంగా ఆగింది, పంకా నిలిచింది, కుర్రాళ్ళు రెక్కల కింద చేతులు వేసి తోసుకొచ్చారు. జనం ఈలలు వేశారు. బ్యాండు ముందు నడిచింది, గజమాల తలుపు దగ్గరే పడింది. శేషగిరిరావు గారు నన్ను వేదికమీదికి పిలిచి శాలువా కప్పాడు. "చూడమ్మా, మంచిగా చెబితే అన్నీ జరుగుతయి. అరవాల్సిన పనే లేదు," అన్నాడు. ఇది చలపతి సార్ చెప్పిన పద్ధతేనని చెప్పాను. "మంచిది, మంచిది," అంటూ అప్పటికే పక్కకు తిరిగాడు. సార్ లేకపోయినా జాతర చక్కగా జరిగిందన్న మాట సాయంత్రానికి అందరి నోటా ఉంది. ఒక చిన్న గొడవ జరిగినా సార్‌ని పిలిచేవారేమో. నా పని నేను సరిగ్గా చేసినకొద్దీ ఆయన అవసరం లేదని తేలిపోతోంది. సరిగ్గా చేయకపోతే ఎవరో చస్తారు. ఇందులో నా తప్పేముందో నాకు తెలియదు. మంట మాత్రం తగ్గలేదు.

సార్ ఏటా జాతర ముందు ఫోన్ చేసేవారు. "ఏమన్నా అన్నాడా శేషగిరి?" అని మొదట అడిగేవారు. తర్వాత్తర్వాత ఆ మాట అడగడం మానేసి, "మిరపకాయలు తీయించావా?" అని అడిగేవారు. తీయించానని చెబితే "అవ్ మరి, నువ్వున్నావుగా," అని పెట్టేసేవారు. అందులో మెచ్చుకోలు ఎంతో, ఎత్తిపొడుపు ఎంతో నాకు తెలిసేది కాదు.

సార్ ఖమ్మం దవాఖానాలో పోయారు. పెనుబల్లికి తెచ్చినరోజు శేషగిరిరావు గారు కారులో వచ్చాడు. ఇద్దరు మనుషులు ఎత్తి పట్టుకుంటే తప్ప లేవనంత దండ తెచ్చాడు. వాళ్ళలో రాజన్న ఒకడు. సార్ మీద దాన్ని కప్పితే మొహం కూడా కనబడలేదు. "మంచోడక్కా, కోపమే ఎక్కువ," అన్నాడు రాజన్న నా పక్కకొచ్చి. వాడికి నెరిసిన మీసం, పక్కన ఎదిగిన కూతురు. నీ తల నీ మెడమీద ఎందుకుందో నీకు తెలుసా అని అడగాలనిపించింది. చావింట్లో అడగలేకపోయాను. ముందుకెళ్ళి పూలు పక్కకు జరిపి, సార్ కళ్ళు బయటికి కనబడేలా చేసి వచ్చాను. మూసుకుపోయిన కళ్ళే.

ఇప్పుడు క్లబ్బును శేషగిరిరావు గారి అల్లుడు చూస్తున్నాడు. వచ్చిన అతిథులందరికీ, మా దగ్గర ఇన్నేళ్ళలో చిన్న దెబ్బ కూడా తగల్లేదని మైకులో చెబుతాడు. మా నేల అదృష్టమట. నేను విమానం ముందు చేతులు తలమీద అడ్డంగా పెట్టి నిలబడి ఆ మాట వింటాను. ఇంజన్ ఆగుతుంది. పంకా మెల్లబడి నిలుస్తుంది. అప్పుడు చేతులు దించవచ్చు, దించను. ఇంకాసేపు అలాగే ఉంచుతాను. బ్యాండువాళ్ళు నావైపే చూస్తారు, అతిథి లోపల కూర్చుని ఎదురుచూస్తాడు, దండలు పట్టుకున్నవాళ్ళు చేతులు నొప్పులు పుట్టి "ఇంకెంతసేపక్కా, ఆగింది గదా," అని విసుక్కుంటారు.

విసుక్కోనీ.