గండికోటలో మా అత్త

మొన్న చలికాలంలో కమలాపురం నుంచి మా వీధివాళ్లమంతా వ్యాన్లో కోటలు చూడటానికి వెళ్లాం. పొద్దున సిద్ధవటం చూసుకుని, మధ్యాహ్నానికి గండికోట చేరాం. లోయ అంచున ఫొటోలు దిగి వెనక్కి తిరిగితే మా అత్త లేదు! మా ఆయన వ్యాన్ దగ్గరికి పరిగెత్తి చూసొచ్చాడు, అక్కడా లేదు. గుడి, మసీదు, ధాన్యాగారం అన్నీ వెతికాం. లోయలోకి తొంగి చూస్తూ "అత్తా!" అని గొంతు పోయేలా అరిచాను.

చివరికి కోట లోపలి పల్లెలో, ఒక అరుగు మీద సంగటి తింటూ దొరికింది. మంచినీళ్లు అడగబోయి, ఆ ఇంటావిడతో ఊరూ పేరూ మాట్లాడి వరస కలిపేసిందట.

"యాడికి పోయినారు మీరంతా? ఎంతసేపట్నుంచి చూస్తాండా!" అని నన్నే గద్దించింది.

"తినకుండా పోతే ఎట్లమ్మా?" అంటూ ఆ ఇంటావిడ మమ్మల్నీ కూర్చోబెట్టింది. వ్యానెడు మందీ తినేసరికి పొద్దు గూకింది.

గండికోట ఎలా ఉందని ఎవరైనా అడిగితే నాకిప్పటికీ ఒళ్లు మండుతుంది. అత్త మాత్రం, "శానా బాగుండాది, మన చుట్టాలుండేది ఆడే కదా!" అంటుంది.