జింకకు ఫ్యామిలీ వీసా

లింబాద్రికి ఓర్వలేనితనం ఎక్కువ. మనకు తెలిసిన రకం కాదు. మన దగ్గర మంచిది ఏదైనా ఉంటే చూసి ఏడ్చేవాళ్లు బోలెడుమంది. లింబాద్రి మన దగ్గర చెడ్డదున్నా ఏడుస్తాడు. డ్రైవర్ జానీ బాషాకు జ్వరమొస్తే గుమ్మంలో నిలబడి, "నసీబున్నోనివి భాయ్. హాయిగ మంచమ్మీద పన్నవ్. నాకు తుమ్ము సుత రాదు" అని నిట్టూర్చాడు.

ఎనభైల మొదట్లో మేం ముగ్గురం అరబ్బు దేశంలో మఫ్రఖ్ అనే ఊరు దాటి ఇసుకలో చాలా దూరం పోతే వచ్చే ఒక పెద్దాయన తోటలో పనిచేసేవాళ్లం. నాది వంట. జానీ బాషాది బండి. లింబాద్రిది జత్ మడి. జత్ అంటే పశువులు ప్రాణం పెట్టే పచ్చగడ్డి. చలికాలంలో పెద్దాయన అతిథులు వేటకు వస్తారు. అప్పటికి మడి మోకాలెత్తు పెరిగితే దానికోసం జింకలు వస్తాయి, జింకల కోసం తుపాకులు వస్తాయి. లేత మొలకప్పుడే జింకలు నోరు పెడితే మాత్రం మడే మిగలదు. మడి పాడైతే ఇంటికి టికెట్టేనని మా మేనేజరు, అదే ముదీర్, మొదటి రోజే చెప్పాడు.

దాంతో లింబాద్రికి కొత్త పగవాడు దొరికాడు. కొమ్ములున్న ఒక మగజింక. దాని వెనక ఆడజింక, ఒక కూన. పొద్దున్నే ఇసుక దిబ్బ మీద వరుసగా నిలబడేవి.

"సూస్తున్నవా మంగరాజన్నా?" అనేవాడు పళ్లు నూరుతూ. "పెండ్లాం పక్కకే. పోరడు పక్కకే. నేను బాలవ్వను, బిడ్డను ఊర్ల ఇడిసిపెట్టి ఎన్నేండ్లాయె? దీనికి ఫ్యామిలీ వీసా ఎవడిచ్చిండు?"

"అది ఇక్కడే పుట్టింది కదయ్యా," అన్నాను.

"పుడితే పుట్టింది. మన ముంగటికొచ్చి సంసారం జేసుడెందుకు?"

అంటూ నూనె డబ్బా పట్టుకుని గరిటెతో బాదుకుంటూ దిబ్బ మీదికి పరిగెత్తేవాడు. గరిటె నాది.

ఆ తర్వాత నా వంటిల్లు చూసి ఏడుపు మొదలైంది. "నీకు నీడ, నీకు నీళ్లు. బియ్యం గడిగిన నీళ్లు సుత పారవోస్తవ్. ఏం భోగమన్నా నీది." ఆ పోరు పడలేక ఆ నీళ్లు డబ్బాల్లో పట్టి ఇచ్చేవాణ్ని. సాయంత్రం కాగానే మోసుకుని మడి వైపు పోయేవాడు. పైపు నీళ్లున్న మడికి ఇవెందుకయ్యా అంటే, "ఇచ్చినంక అడుగొద్దన్నా" అనేవాడు.

కొన్నాళ్లకు జింకలు డబ్బా చప్పుడుకు అలవాటు పడ్డాయి. మనిషి చెమట వాసనకు అవి ఆమడ దూరం పోతాయని లింబాద్రి తన బనీన్లు మడి చుట్టూ కర్రలకు కట్టాడు. జింకలు దగ్గరికొచ్చి, వాటిని తాపీగా వాసన చూసి, అక్కడే నిలబడ్డాయి. లింబాద్రి జానీ బాషా బనీను ముక్కు దగ్గర పెట్టుకుని కుళ్లిపోయాడు. "ఏం చెమట భాయ్ నీది. నాదాంట్ల సగం గూడ గొట్టది. ఒక్కటియ్యి." పొగిడాడో తిట్టాడో తెలియక బాషా ఉన్నవన్నీ ఇచ్చేశాడు. ఆ రోజు నుంచి మడి దరిదాపుల్లోకి జింక రాలేదు. ముదీర్ లింబాద్రి భుజం తట్టాడు. నిజం చెప్పొద్దూ, నాకు ఒళ్లు మండింది. నా బిర్యానీకి ఏనాడూ అతను భుజం తట్టలేదు.

మడి మోకాలెత్తు వచ్చింది. ముదీర్ చూసి, "ఖలాస్. అబ్ ఆనే దో" అన్నాడు, ఇక జింకల్ని రానివ్వమని. లింబాద్రి బనీన్లన్నీ విప్పి, ఉతికి, మడతపెట్టి బాషావి బాషాకిచ్చాడు.

అతిథులు వచ్చారు. గుడారం వేసి, తుపాకులు తుడుచుకుని కూర్చున్నారు. పొద్దెక్కింది. నా బిర్యానీ అయిపోయింది. జింక జాడ లేదు.

"వేన్ గజాల్?" జింకలేవని ముదీర్ లింబాద్రి మీద పడ్డాడు.

"సాబ్, ఆనే మత్ దో బోలే. మై నై ఆనే దియా," అన్నాడు లింబాద్రి చేతులు కట్టుకుని. రానివ్వొద్దన్నారు, రానివ్వలేదు, అంతే.

ముదీర్ అరచేతిని గాల్లోకి లేపి విమానం ఎగిరినట్టు చూపించాడు. లింబాద్రి మొహం పాలిపోయింది. ఒకసారి వెనక్కి పంపితే మళ్లీ వీసా దొరకడం కల్ల.

ఇంతలో అతిథుల్లో పెద్దవాడొకాయన చెప్పులు విడిచి మడిలోకి నడిచాడు. పచ్చని జత్ మీద వెల్లకిలా పడుకున్నాడు. కాసేపటికి గురక వినిపించింది. ఆయన లేచేదాకా ఎవరూ తుపాకీ ముట్టలేదు. లేచాక ఇంత కమ్మని నిద్ర ఎప్పుడు పోయానో గుర్తు లేదని, మడి పెంచిందెవరని అడిగి, లింబాద్రి తల నిమిరాడు. ముదీర్ తన విమానాన్ని మెల్లగా కిందికి దించాడు.

అతిథులు వెళ్లిన సాయంత్రం లింబాద్రి మళ్లీ డబ్బాలు మోసుకుని బయల్దేరాడు. నేను వెనక నడిచాను. మడి దాటాడు. దిబ్బ ఎక్కి దిగాడు. దిబ్బ వెనక పల్లంలో నాలుగు మంచాలంత జత్, నా బియ్యం కడిగిన నీళ్లతో ఏపుగా పెరిగి ఉంది. మగజింక, ఆడజింక, కూన తలెత్తకుండా మేస్తున్నాయి. లింబాద్రి పక్కకు వెళ్లినా చెవి కదపలేదు. అతని బనీన్లు ఎందుకు పనిచేయలేదో అప్పుడర్థమైంది.

"తింటుంటె సూడు," అన్నాడు పళ్లు నూరుతూ. "మనకు ఎండిన ఖుబూస్ రొట్టె. దీనికి పచ్చి జత్, పక్కన పెండ్లాం. కడుపు మండుతదన్నా."

"మరి చంపనివ్వాల్సింది కదయ్యా. నీ మంట చల్లారేది."

లింబాద్రి నన్ను వెర్రివాణ్ని చూసినట్టు చూశాడు.

"అది సస్తే ఇగ ఎవ్వల్ని సూసి కుళ్లుకోవాలె?" డబ్బా వంచి మొదళ్లలో నీళ్లు పోశాడు. "ఈ ఇసుకల ఒక్కనికన్న ఫ్యామిలీ వీసా ఉండనీ."

ఆ మర్నాటి నుంచి నేను బియ్యం నాలుగుసార్లు కడిగాను. అన్నంలో రుచి పోయిందని జానీ బాషా చాలాకాలం సణిగాడు.