పెద్దసాబ్‌ను దాటని సైకిల్

మా వారు జగదల్‌పూర్‌లో సంస్థానం కచేరీ గుమాస్తా. ఇంకొక్కసారి ఆలస్యమైతే ఎక్కడో దూరాన అడవుల్లో ఉన్న కోంటకు బదిలీ చేస్తానని కచేరీ పెద్దసాబ్ చెప్పడంతో, ఇంట్లో ఉన్న పాత సైకిల్‌ను నేనే పూనుకుని బాగు చేయించాను. గంట, నూనె దీపం, ఫైళ్లకు క్యారియర్, పంచె చిక్కకుండా గొలుసు మీద రేకు, అన్నీ పెట్టించాను. ఈ రోజు దాని మీద వెళ్లి, నడిచి వెళ్లే రోజులకన్నా ఆలస్యంగా చేరారు.

"గాలి పోయిందా ఏంది?" అని సాయంత్రం అడిగాను.

"గాలి బాగనే ఉన్నది. తహసీల్దారు ఎదురొచ్చిండు, దిగి దండం పెట్టిన. ఎక్కంగనే ఖజానా సాబ్, మళ్లీ దిగిన. పెద్దోళ్ల ముంగట సీటు మీద కూసుంటనా?"

"ఆ తర్వాతైనా తొక్కాల్సింది."

"ముందర పెద్దసాబే కర్ర ఊపుకుంట నిదానంగ పోతుండు. ఆయన్ని దాటిపొమ్మంటవా? తోసుకుంట వెనకనే పోయిన."

పెద్దసాబ్ ముందుగా లోపలికి వెళ్లి, తన వెనకే వచ్చిన మా వారిని ఆలస్యం కింద రాయించారు. బదిలీ ఖాయమైంది. మీ ఇళ్లలో సైకిల్ మీద కచేరీకి వెళ్లేవాళ్లు వేళకు ఎలా చేరుతున్నారో కాస్త చెప్పండి. మా సైకిల్‌ను మాత్రం కోంటకు పంపుతున్నాను. అక్కడ మా వారికన్నా పెద్దవాళ్లు తక్కువేనట, కొంతదూరమైనా ఎక్కి తొక్కవచ్చు.